ఇంకొక్క కాంట్రాక్టు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

28 ఏళ్లు సరుకు ఓడల మీద పనిచేసి, 2012లో చీఫ్ ఇంజనీరుగా దిగి విశాఖపట్నంలో ఉంటున్నాను. సొంతూరు కవిటి దగ్గర. కిందటి నెల ఓడ ఉద్యోగాల గురించి ఇక్కడ నాలుగు మాటలు రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం ఇంట్లో ఉండిపోయినవాళ్లు రాసినవే. మూడింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది, మన్నించాలి.

ప్రశ్న: బాబాయిగారూ, నమస్కారం. మాది గాజువాక. నాకు 34 ఏళ్లు. మావారు బల్క్ క్యారియర్‌లో (ఖనిజం, బొగ్గులాంటి విడి సరుకు మోసే ఓడ) సెకండ్ ఇంజనీరు. నెలకు 7 వేల డాలర్ల దాకా వస్తుంది. ఐదారు నెలలు ఓడ మీద, మూడు నెలలు ఇంట్లో. పెళ్లయి పదేళ్లు. లెక్కేస్తే మేం కలిసి ఉన్నది మూడున్నరేళ్లు కూడా తేలలేదు. మొదట్లో "అప్పులు తీరేదాకా" అన్నారు. తర్వాత ఫ్లాట్ అన్నారు. ఫ్లాట్ అయ్యాక ఆనందపురంలో స్థలం. ఇప్పుడు పాప మెడిసిన్ చదువుకు అంటున్నారు. పాపకు ఏడేళ్లు.

మొన్న ఫిబ్రవరిలో రాత్రి రెండింటికి మామగారికి గుండెనొప్పి వస్తే నేనే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. స్టెంట్ వేశారు. "వాడికి చెప్పకు, నడిసముద్రంలో ఉన్నాడు" అని అత్తగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పటికీ చెప్పలేదు. ఆయన వచ్చే నెల దిగుతున్నారు.

వచ్చిన మొదటి పది రోజులూ పండగే. తర్వాత ప్రతిదానికీ గొడవ. పాపకు ఏం కావాలన్నా ఆయన్ని దాటుకుని వంటింట్లోకి వచ్చి నన్ను అడుగుతుంది. ఆయన మొహం చిన్నబోతుంది. ఇక చాలు, ఇక్కడే ఏదో ఒకటి చూసుకోండి అంటే "నెలకు ఆరు లక్షలు ఇక్కడ ఎవడిస్తాడు" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను బీఈడీ చేశాను, పెద్దవాళ్లను చూసుకోవాలని ఉద్యోగం మానేశాను. ఆ డబ్బుకు నేనూ ఆశపడి కూర్చున్నానా అని ఈమధ్య నామీద నాకే అసహ్యం వేస్తోంది.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, బాబాయ్ అని పిలిచావు కనుక నువ్వనే రాస్తాను.

ముందు మామగారి సంగతి. మీ ఆయన దిగేదాకా ఆగకు, ఈ వారంలోనే చెప్పెయ్. పని ముగించుకుని, స్నానం చేసి, అన్నం తిని ఆయన ఫోన్ చేసే వేళ నీకు తెలుసు. ఆ వేళకు మామగారిని పక్కన కూర్చోబెట్టుకో. వీడియోలో ముందు మనిషిని చూపించు. "నాన్నగారు బాగున్నారు, ఇదిగో ఇడ్లీ తింటున్నారు" అన్నాక ఫిబ్రవరి సంగతి ఎత్తు. అత్తగారికి పెట్టిన ఒట్టు గురించి బెంగ వద్దు. "మీ అబ్బాయి ఇంటికొచ్చాక మందుల సంచి చూసి తెలుసుకుంటే మనిద్దరి మాటా ఇక నమ్మరు అత్తయ్యా" అని ఒక్కసారి అను. ఆవిడే చెప్పమంటారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1994లో మా ఓడ బ్రెజిల్‌లోని టుబరావ్ రేవులో ఇనుప ఖనిజం ఎక్కించుకుంటోంది. నాకు ఇంటి కబురు తెలిసి అప్పటికి 40 రోజులు దాటింది. ఓడలో శాటిలైట్ ఫోన్ ఉండేది కానీ నిమిషానికి ఇన్ని డాలర్లని లెక్క, ఊరికే ముట్టుకునేవాళ్లం కాదు. రేవు చేరగానే అందరి కళ్లూ ఏజెంటు తెచ్చే ఉత్తరాల సంచి మీదే. ఆ రోజు నాకు ఏడు వచ్చాయి. ఓడ మనుషులకు ఒక అలవాటు. తపాలా ముద్ర మీది తేదీ చూసి ఉత్తరాలను వరసగా పేర్చుకుని, పాతవి ముందు చదువుతాం. రోజుకొకటి చొప్పున దాచుకుని చదివేవాళ్లు కూడా ఉండేవారు. నాకంత ఓపిక లేదు, మంచం మీద కూర్చుని అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను.

ఆరో ఉత్తరం మా నాన్న రాసింది. బావి దగ్గరి పనస చెట్టుకు ఈసారి కాయలు బాగా దిగాయని, నేను వచ్చేసరికి ఒక్కటైనా ఉంచుతానని రాశాడు. ఏడోది మా అన్నయ్య దస్తూరీ. కవరు చించి మడత విప్పగానే నా చూపు కాగితం పైకి పోయింది. మా ఇంట్లో ఎవరు ఏ ఉత్తరం రాసినా పైన శ్రీ అని రాసి, కింద గీత గీసి మొదలుపెడతారు. ఆ కాగితం మీద శ్రీ లేదు.

నాన్న పోయి అప్పటికి 26 రోజులు. పెద్దకర్మ కూడా అయిపోయింది. "వాడికిప్పుడు చెప్పి ఏం లాభం, వాడేం చేయగలడు" అని పెద్దవాళ్లు అనుకున్నారట. కంపెనీకి కబురు పెడితే ఒకటి రెండు రోజుల్లో టెలెక్స్‌లో నాకు అందేది. తెలిసినా రాలేకపోయేవాణ్ని, అది నిజమే. కానీ ఆ 26 రోజుల్లో ఒక రాత్రి కుక్ పుట్టినరోజని అందరం కూర్చుని పాటలు పాడాం. నేనూ పాడాను, నవ్వాను. అప్పటికి నాన్న పోయి వారం. ఆ సంగతి మరిచిపోవడం ఇప్పటికీ నా వల్ల కాలేదు. అన్నయ్యతో ఐదారేళ్లు సరిగ్గా మాట్లాడలేదు. పాపం, వాడు చేసింది కూడా నా మీద ప్రేమతోనే.

ఇప్పుడు ఓడల్లో వైఫై ఉంది. సిబ్బందికి వీలైనంత వరకు ఇంటర్నెట్ సౌకర్యం ఇవ్వాలని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందంలోనే చేర్చారు, 2024 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఇక సముద్రం అడ్డమనే సాకు లేదు. నువ్వు దాస్తే ఆయన క్షేమంగా ఉన్నట్టు కాదు, ఆయన లేకుండానే ఇల్లు నడుస్తున్నట్టు. ఆ ముక్క ఒకసారి ఆయన మనసులో పడితే తీయడం కష్టం.

ఇక ఆరు లక్షల మాట. మీ ఆయన అబద్ధం చెప్పడం లేదు, సగం లెక్క చెబుతున్నారు. కాంట్రాక్టు మీద పనిచేసే ఆఫీసర్లలో చాలామందికి జీతం ఓడెక్కిన రోజు నుంచి దిగిన రోజు వరకే. సెలవులో రూపాయి రాదు. ఏడాదిలో 8 నెలలు ఓడ మీద ఉన్నారనుకో, 48 లక్షలు. 12 నెలలకు పంచితే నెలకు నాలుగు. అదీ పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఆ ఆరుకూ నాలుగుకూ మధ్య తేడా మీ ఇంట్లో ఎక్కడ బయటపడుతుందో చెప్పనా? సెలవు రెండో నెల చివర్లో. ఈఎంఐలు కట్ అవుతుంటాయి, ఖాతాలోకి వచ్చేది ఉండదు. రోజుకు రెండుసార్లు ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకుంటారు. చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు. నువ్వేమో "నామీద కోపం" అనుకుంటావు. పదిహేను రోజులు ముందే జాయిన్ అవుతానని ఆయన కంపెనీకి ఫోన్ చేస్తారు. నేను అలా చేశాను. ఒకసారి కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది బయటివాళ్లకు తెలియదు. ఓడ మనిషి ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు నిండకుండా చూసుకుంటాడు. నిండితే ఇక్కడి నివాసి కింద లెక్కగట్టి విదేశీ జీతం మీద పన్ను పడుతుందని భయం. అందుకే మార్చి నెల వచ్చిందంటే ఇంట్లో క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెడతాం. 2006 మార్చిలో మావాడి పదో తరగతి పరీక్షలు మొదలయ్యే నాలుగు రోజుల ముందు నేను ఓడెక్కాను. ఇంకో పది రోజులు ఉంటే రోజులు దాటిపోతాయని. ఆ ఏడాది పన్ను మిగిలింది. ఎంత మిగిలిందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. మావాడు మాత్రం మొదటి పరీక్షకు ఏ చొక్కా వేసుకుని వెళ్లాడో వాళ్లమ్మ చెబితేనే నాకు తెలుసు, నీలం గళ్ల చొక్కా.

మీ ఆయన "ఎవడిస్తాడు" అన్నప్పుడు నువ్వు డబ్బుతో జవాబు వెతుకుతున్నావు. అక్కడ దొరకదు. ఒడ్డు మీద అంత ఎవరూ ఇవ్వరు. సగం వచ్చినా గొప్పే, చాలామందికి సగం కూడా రాదు. ఆయన అసలు భయం డబ్బు గురించే కాదని నా అనుమానం. ఓడలో ఆయన సెకండ్ ఇంజనీరు. ఇంజన్ రూమంతా ఆయన చేతి మీద నడుస్తుంది. ఏ పంపు ఎలా మూలుగుతుందో చెవితో చెబుతారు. ఇంటికొస్తే పంచదార డబ్బా ఎక్కడుందో నిన్ను అడగాలి. పాప స్కూల్ బస్సు ఏ మలుపులో ఆగుతుందో తెలియదు. పనిమనిషి పేరు కూడా తెలిసి ఉండదు, ఆయన వెళ్లినప్పుడు వేరే ఆవిడ ఉండి ఉంటుంది. పదో రోజు దాటాక ఆయనకు తెలిసిపోతుంది, ఈ ఇంట్లో తాను చుట్టమని. చుట్టంగా ఉండటం కంటే ఓడెక్కడం తేలిక.

ఒక చిన్న గుర్తు చెబుతాను, మీ ఆయనలో ఉందేమో చూడు. రాత్రిపూట ఇంజన్ రూంలో మనిషి లేకుండా నడిచే ఓడల్లో, ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇంజనీరు గదిలో అలారం మోగుతుంది. కొద్ది నిమిషాల్లో కిందికి దిగి దాని సంగతి చూడకపోతే ఇంజనీర్లందరినీ లేపేస్తుంది. దానికంటే భయం నిశ్శబ్దం. జనరేటర్ ఆగితే ఓడంతా చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. అప్పుడు లేవకపోతే కొంప మునిగినట్టే. అందుకే ఇంట్లో కూడా, రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగగానే నేను లేచి చీకట్లో చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కునేవాణ్ని. మా ఆవిడ భుజం మీద చెయ్యేసి "కరెంటు పోయింది, అంతే, పడుకోండి" అనేది. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా అప్పుడప్పుడు జరుగుతూనే ఉంది. మీ ఆయన కూడా అలా లేస్తుంటే విసుక్కోకు. ఆ మనిషి ఇంకా ఇంటికి చేరలేదని అర్థం.

అందుకని ఈసారి పండగ పది రోజులూ అయ్యేదాకా ఆగకు. మూడో రోజు నుంచే ఆయనకు పనులు అప్పజెప్పు. పాపను బస్సు ఎక్కించడం, దించుకోవడం. మామగారిని చెకప్‌కు తీసుకెళ్లడం, ఇది మాత్రం ఆయనే చేయాలి, డాక్టరుతో ఆయనే మాట్లాడాలి. తప్పులు చేస్తారు. పాపకు జడ వంకరగా వేస్తారు, టిఫిన్ బాక్సు మరిచిపోతారు. నువ్వు మధ్యలోకి రాకు. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు, ఇన్నేళ్లు ఒక్క చేత్తో నడిపిన ఇల్లు. అయినా పాప ఆయన్ని దాటుకుని నీ దగ్గరికి వచ్చినప్పుడు "నాన్నని అడుగు" అని గిన్నెలు తోముకుంటూ ఉండిపో. చూడను కూడా చూడకు.

మా ఆవిడ ఒక చిట్టా పుస్తకం రాసేది. పాలవాడి లెక్క, గ్యాసు బండ తేదీ, వాటి మధ్యలో ఆ రోజు జరిగిందేదైనా ఒక్క ముక్క. "మోటారు కాలిపోయింది." "బాబుకి 102." "మీ చెల్లెలు వచ్చి ఏడ్చి వెళ్లింది." నేను దిగిన రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని ఆ ఆరు నెలలూ చదువుకునేవాణ్ని. 1998లో అలా చదువుతుంటే ఒకచోట ఇలా ఉంది: "స్కూల్లో టీచరు మీ నాన్న ఏం చేస్తారు అని అడిగితే, బాబు 'వస్తారు' అన్నాడట." వాడికి అప్పుడు మీ పాప వయసే, ఏడేళ్లు. తండ్రి చేసే పనేమిటంటే వాడికి తెలిసింది అదొక్కటే. ఆ పేజీ నేను చించి దాచుకున్నాను. ఆ రాత్రే మానేయాల్సింది. మానలేదు. ఇంకా 14 ఏళ్లు చేశాను.

ఇప్పుడు అసలు చేయాల్సిన పని. ఒక తెల్లకాగితం. మాట్లాడేది ఫోన్‌లో వద్దు. దిగిన కొత్తలో వద్దు, బ్యాగు సర్దుకునే చివరి వారంలో అసలే వద్దు. మూడో వారంలో ఒక రోజు పాపను అత్తగారి దగ్గర వదిలి ఇద్దరూ సింహాచలం వెళ్లండి. అప్పన్న దర్శనం అయ్యాక అక్కడే ఎక్కడైనా కూర్చుని రాయండి. ఫ్లాట్ మీద మిగిలిన అప్పు ఎంత. పాప చదువుకు ఇప్పటి నుంచి నెలనెలా వేస్తే ఎంత. పెద్దవాళ్ల వైద్యానికి పక్కన ఉంచాల్సింది ఎంత. ఉద్యోగం మారే ఏడాదిలో ఇల్లు గడవడానికి ఎంత. ఇంతకు మించి ఆ కాగితం మీద ఏదీ ఎక్కకూడదు. కూడితే వచ్చిన అంకెను ఒక కాంట్రాక్టులో మిగిలేదానితో భాగించండి. మూడు రావచ్చు, ఐదు రావచ్చు. ఆ సంఖ్య కింద నెల, సంవత్సరం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తర్వాత కొత్తగా స్థలం కనబడితే, ఎంత చవకగా వచ్చినా సరే, అది ఆ కాగితం మీద లేదు కనుక కొనకూడదు. "ఇంకొక్క కాంట్రాక్టు" అన్నమాట నేను మొదటిసారి అన్నది 2003లో. కాగితం లేదు, తేదీ లేదు. అందుకే అది తొమ్మిదేళ్లు సాగింది.

ఆ మధ్యకాలాన్ని ఆయన వాడుకోవాలి. క్లాస్ 1 పరీక్ష పాసై కొన్నాళ్లు చీఫ్ ఇంజనీరుగా చేస్తే ఒడ్డు మీద పని దొరకడం తేలికవుతుంది. కంపెనీ ఆఫీసులో టెక్నికల్ సూపరింటెండెంటు కావచ్చు, ఓడలను తనిఖీ చేసే సర్వేయరు కావచ్చు, మెరైన్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. మన విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, షిప్‌యార్డ్ ఉంది, రెండు రేవులు ఉన్నాయి. సూపరింటెండెంటు పని చాలావరకు ముంబైలోనో చెన్నైలోనో సింగపూర్‌లోనో ఉంటుంది, దాంట్లోనూ తిరుగుడు తప్పదు, ఆ సంగతి ముందే తెలుసుకుని ఎంచుకోండి. పరీక్షకు చదువుకునే నెలల్లో జీతం రాదు. ఆ నెలలు కూడా కాగితం మీద రాయండి, లేకపోతే మళ్లీ వాయిదా పడుతుంది.

నీ బీఈడీ సర్టిఫికెట్ బీరువాలోంచి తీయి. మామగారు ఇప్పుడు కోలుకున్నారు, పాప స్కూలుకు వెళుతోంది. దగ్గర్లో ఏదో స్కూల్లో చేరు, టెట్‌కు చదువుకో. వచ్చేది చిన్న జీతమే కావచ్చు, కానీ ఆయన సెలవులో ఉన్న మూడు నెలలూ ఇంట్లోకి నెలనెలా ఒక జీతం వస్తూ ఉంటుంది. ఆ చిరాకు సగం తగ్గుతుంది. నా మాట నమ్ము.

నీమీద నీకే అసహ్యం అన్నావు. వద్దమ్మా. ఆ డబ్బు ఉండబట్టే ఆ రాత్రి స్టెంట్‌కు ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. అది తక్కువ విషయం కాదు. రెండింటికి ఆటో పిలిచి మామగారిని ఎక్కించింది కూడా నువ్వే. ఈ రెండూ ఆయనకు ఇలాగే చెప్పు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి.

ప్రశ్న: అయ్యా, మాది సోంపేట మండలం. 2018 తిత్లీ తుఫానులో కొబ్బరి తోట నేలమట్టమైంది. మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మావాడు ఇంటర్ పాసయ్యాడు. మా వీధి కుర్రాడొకడు ఓడలో చేరి నాలుగేళ్లలో డాబా వేశాడు. మావాడూ వెళతానంటున్నాడు. ఒక ఏజెంటు 5 లక్షలు ఇస్తే రెండు నెలల్లో ఓడెక్కిస్తానంటున్నాడు. అర ఎకరం అమ్మి కట్టమంటారా?
– ఒక రైతు

జవాబు: అమ్మకండి. ఉద్దానంలో ఈ రెండు నెలల మాట విని పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. కొందరు పిల్లలు ఊరూ పేరూ లేని చిన్న ఓడల్లో, చేతిలో కాగితం లేకుండా తేలారు.

ఓడల్లోకి సిబ్బందిని పంపే సంస్థకు కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. లైసెన్సు ఉన్న సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు అబ్బాయి దగ్గర డబ్బు తీసుకోకూడదు, నిబంధన ఉంది. అంటే 5 లక్షలు అడిగిన మనిషి ఆ అడగడంతోనే తన సంగతి చెప్పేశాడు. కింది స్థాయిలో చేరాలంటే సరైన దారి, అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు, తర్వాత సీడీసీ పుస్తకం, అంటే ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం. కోర్సు ఫీజు కట్టడం వేరు, ఉద్యోగానికి కట్టడం వేరు. ఈ రెండూ కలిపి అడిగేవాళ్ల దగ్గర జాగ్రత్త. కోర్సు అయ్యాక కూడా ఓడ దొరక్క ఏడాదీ రెండేళ్లూ తిరిగే పిల్లలున్నారు. చేరే ముందు ఆ సంస్థలో కిందటి బ్యాచ్‌లో ఎంతమంది ఓడెక్కారో, ఆ పిల్లలకే ఫోన్ చేసి కనుక్కోండి.

లైసెన్సు దారిలో వెళితే ఇంకో రక్ష ఉంది. యజమాని దివాలా తీసి ఓడను నడిమధ్యలో వదిలేస్తే, సిబ్బందిని ఇంటికి చేర్చడానికీ నాలుగు నెలల వరకు జీతాలకూ పూచీ ఉండాలని 2017 నుంచి అంతర్జాతీయ నిబంధన. ఊరూ పేరూ లేని ఓడలో ఆ పూచీ ఎవరిది?

మీరు ఆ కుర్రాడి డాబా చూశారు. ఆ డాబాలో ఉన్న వాళ్లమ్మతో ఒకసారి మాట్లాడండి. రేటింగ్ సిబ్బందికి కాంట్రాక్టు ఆఫీసర్ల కంటే ఎక్కువ, ఆరు నుంచి తొమ్మిది నెలలు. నాలుగేళ్లలో ఎన్ని సంక్రాంతులకు వాడు ఇంట్లో ఉన్నాడో అడగండి. మీవాణ్ని కూడా ఆ కుర్రాడి దగ్గరికి పంపండి, మీరు వెంట వెళ్లొద్దు. పెద్దవాళ్ల ముందు ఓడ మనిషి బాగానే ఉందంటాడు. తోటివాడు అడిగితే మొదటి కాంట్రాక్టులో ఖనిజం దించిన హోల్డులు (సరుకు గదులు) కడిగింది, డెక్కు మీద తుప్పు గీకింది, వాంతులతో మూడు రోజులు అన్నం ముట్టనిది చెబుతాడు. అంతా విన్నాక కూడా వెళతానంటే వాణ్ని ఆపకండి. మంచి ఉద్యోగమే. నేను దాని మీదే బతికాను.

ప్రశ్న: సార్, నేను విజయవాడలో లెక్చరర్‌ని. థర్డ్ ఆఫీసర్ సంబంధం వచ్చింది. అబ్బాయి బాగా మాట్లాడాడు. డాలర్లలో జీతం అని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. ఒంటరిగా ఉండటానికి నాకు భయం లేదు. తాంబూలాలు పుచ్చుకునే ముందు ఏం అడగాలో మాత్రం తెలియడం లేదు.
– విజయవాడ

జవాబు: అతన్నే అడగండమ్మా, వాళ్ల అమ్మానాన్నలను కాదు. కాంట్రాక్టు ఎన్ని నెలలని అడగడంతో ఆగకండి, కిందటిసారి రిలీవర్, అంటే అతని బదులు ఎక్కాల్సిన మనిషి, ఎన్ని రోజులు ఆలస్యంగా వచ్చాడో అడగండి. కాగితం మీద నాలుగు నెలలు అంటే ఐదున్నర కావడం మామూలు. 12 నెలలు దాటించకూడదని అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది, అయినా 2020లో కోవిడ్ వల్ల కాంట్రాక్టు ముగిసినా దిగలేక ప్రపంచమంతటా దాదాపు 4 లక్షల మంది ఓడల మీదే ఉండిపోయారు. నా జూనియర్ ఒకడు 14 నెలలు ఉన్నాడు. అలాంటిది మళ్లీ వస్తే ఇల్లు ఎలా నడపాలనుకుంటున్నాడో అడగండి.

అతను ఓడ మీద ఉన్నప్పుడు మీరు ఎక్కడ ఉంటారు? విజయవాడలో మీ ఉద్యోగంలోనా, అత్తవారింట్లోనా? దీన్ని పెళ్లయ్యాక చూద్దాం అనుకుంటే, మీరు ఉద్యోగం మానేయడంతోనే తేలుతుంది. జీతం ఎవరి ఖాతాకు వస్తుంది, దాంట్లో మీకు తెలిసేది ఎంత, ఇది కూడా అడగండి, సిగ్గుపడకండి. ఎన్నేళ్లు సముద్రం మీద ఉండాలనుకుంటున్నాడో, తర్వాత ఏం చేద్దామనుకుంటున్నాడో అడగండి. "తెలియదు, ఇంకా ఆలోచించలేదు" అంటే తప్పుగా అనుకోకండి, నిజం చెప్పినట్టే. అన్నిటికీ "నీకే లోటూ రానివ్వను" అంటుంటే మాత్రం ఇంకో రోజు కూర్చుని మళ్లీ అడగండి.

1989లో మా పెళ్లిచూపుల్లో మా ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, ఓడ మీదికి భార్యల్ని రానిస్తారా అని. హోదా పెరిగాక కంపెనీ ఒప్పుకుంటే తీసుకెళ్లొచ్చని చెప్పాను, చెప్పి మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు. 1996లో నేను సెకండ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు గుర్తుచేసి, పాస్‌పోర్టులు తనే చేయించుకుని, ఐదేళ్ల బాబును వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు నెలలు ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. పొద్దున్నే డెక్కు మీద ఎగిరిపడిన చేపలను వాడు బకెట్లో వేసుకుని వచ్చేవాడు. ఇప్పుడు వాడికి వేరే ఏదీ గుర్తులేదు కానీ ఆ బకెట్ ఎర్రదని చెబుతాడు.